డేనియల్ క్రెయిగ్ బాండ్ సినిమాలు: ఎవరితో పోల్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

ఎవరి బాండ్‌తో మొదలుపెట్టాలి అని అడిగితే ప్రతివాళ్ల దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. పాత తరం వాళ్లు షాన్ కానరీ అంటారు. ఆ తర్వాతి వాళ్లు రోజర్ మూర్ అంటారు. గోల్డెన్‌ఐ వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నవాళ్లకి పియర్స్ బ్రాస్నన్‌ని మించినవాడు లేడు. ఎవరు చిన్నప్పుడు చూసిన బాండ్ వాళ్లకి గొప్ప. ఆ ఇష్టాన్ని తప్పుపట్టలేం కానీ, ఈ సినిమాలు ఇప్పుడే కొత్తగా చూడబోతున్న మనిషికి దానివల్ల దారి తెలియదు. 1962 నుంచి 2021 దాకా ఇయాన్ అనే నిర్మాణ సంస్థ తీసిన సినిమాలే 25, హీరోలు ఆరుగురు. అన్నీ చూసే ఓపిక అందరికీ ఉండదు.

నేను 25 సినిమాలూ చూశాను, కొన్నిటిని ఐదారుసార్లు. చూడగా చూడగా నాకు ఒక కొలత దొరికింది. నటుణ్ణి అతని బెస్ట్ సినిమాతో కొలవకూడదు. మంచి స్క్రిప్టు, మంచి డైరెక్టరు, గట్టి విలను దొరికితే ఆరుగురూ బాగానే ఉన్నారు. అసలు పరీక్ష కథ చేతులెత్తేసిన సినిమాలో ఉంటుంది. అక్కడ కూడా నటుడు ఆ పాత్రని మోస్తున్నాడా, లేక ఇచ్చిన డేట్లు పూర్తిచేసి వెళ్లిపోదామన్నట్టు ఉన్నాడా? ఈ ప్రశ్న వేసుకుంటే పాత వరసలన్నీ తారుమారవుతాయి.

మొదట తారుమారయ్యేది కానరీ స్థానమే. డాక్టర్ నో, ఫ్రమ్ రష్యా విత్ లవ్, గోల్డ్‌ఫింగర్, థండర్‌బాల్, ఈ నాలుగూ 1962 నుంచి 1965 లోపు వచ్చాయి. ఇప్పటికీ బాండ్ అంటే మన కళ్ల ముందుకొచ్చే నడక, కోటు, పేకాట బల్ల ముందు సిగరెట్ వెలిగిస్తూ పేరు చెప్పే తీరు, అన్నీ అక్కడ పుట్టినవే. ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో రైలు పెట్టెలో రాబర్ట్ షాతో జరిగే ఫైట్ చూడండి. చిన్న కంపార్ట్‌మెంట్, దాదాపు సంగీతమే లేదు, ఇద్దరు మనుషులు ఒకరినొకరు చంపుకోవడానికి పెనుగులాడుతున్న చప్పుడు తప్ప. అరవై ఏళ్లు దాటినా ఆ సీన్ పాతబడలేదు. కానీ 1967లో యూ ఓన్లీ లివ్ ట్వైస్‌కి వచ్చేసరికి కానరీకి విసుగు పుట్టింది. అది మొహంలో కనిపిస్తుంది. మధ్యలో ఒక సినిమా మానేసి, 1971లో డైమండ్స్ ఆర్ ఫరెవర్‌కి 12.5 లక్షల డాలర్లు తీసుకుని తిరిగొచ్చాడు. ఆ డబ్బు స్కాట్లాండ్ విద్యా ట్రస్టుకి ఇచ్చేశాడు, అది మెచ్చుకోవాల్సిన పని. కానీ తెరమీద ఉన్నది మాత్రం పని ముగించుకుని ఇంటికెళ్లాలనుకుంటున్న మనిషి. నా కొలతలో కానరీ మొదటి నాలుగు సినిమాలకి నూటికి నూరు, చివరి రెండింటికి పాస్ మార్కులు కూడా కష్టమే.

రోజర్ మూర్ సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 12 ఏళ్లలో 7 సినిమాలు చేశాడు. వాటిలో కనీసం మూడు బలహీనమైనవి. ఆఖరిది వచ్చేసరికి వయసు 57, హీరోయిన్ పక్కన నిలబడితే ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఏ సినిమాలోనూ విసుగు చూపించలేదు. అంతరిక్షంలో లేజర్ తుపాకులతో యుద్ధం పెట్టినా, ఉదయ్‌పూర్‌లో ఆటో ఛేజ్ పెట్టినా, చూస్తున్నవాళ్లతో కలిసి తనూ సరదాపడుతున్నట్టే ఉంటాడు. మూర్ తేలికైన నటుడని చాలామంది అంటారు. వాళ్లకి ఫర్ యువర్ ఐస్ ఓన్లీలో ఒక సీన్ చూపించాలి. కొండ అంచున కారు వేలాడుతోంది, లోపల బాండ్ స్నేహితుణ్ణి చంపిన హంతకుడు. మూర్ నింపాదిగా దగ్గరికి నడిచి, కాలితో తన్ని కారుని లోయలోకి పడేస్తాడు. మొహంలో నవ్వు లేదు, కోపం కూడా లేదు. ఆ సీన్ చేయడానికి మొదట మూర్‌కే ఇష్టం లేదట. చేసింది మంచిదైంది, ఎందుకంటే ఆ నవ్వుల కింద ఏముందో ఆ ఒక్క క్షణంలో తెలుస్తుంది.

బ్రాస్నన్‌కి జరిగింది అన్యాయమని నా నమ్మకం. 1986లోనే బాండ్ అయ్యేవాడు, టీవీ సీరియల్ కాంట్రాక్టు అడ్డం పడింది. 1995లో గోల్డెన్‌ఐతో అందరినీ మెప్పించాడు, కానీ ఆ తర్వాత సినిమా సినిమాకీ కథ బరువు తగ్గి గ్రాఫిక్స్ బరువు పెరిగింది. 2002లో వచ్చిన డై అనదర్ డే అంటే అందరికీ గుర్తొచ్చేది కనిపించని కారు, కంప్యూటర్‌లో గీసిన కెరటం మీద సర్ఫింగ్. ఆ సినిమాలోనే మొదటి అరగంట మళ్లీ చూడండి. ఉత్తర కొరియా జైల్లో 14 నెలలు చిత్రహింసలు పడి, జుట్టూ గడ్డమూ పెరిగిపోయి, తడిసిన పైజమాతో హాంకాంగ్‌లో పెద్ద హోటల్లోకి నడిచి, ఎప్పుడూ ఇచ్చే గదే ఇమ్మంటాడు. జనం నోరెళ్లబెట్టి చూస్తుంటే, ఆ పైజమా సూటుకోటైనట్టు నడుస్తాడు. అంత చెడ్డ స్క్రిప్టులోనూ ఈ పని చేయగలిగిన నటుడికి మంచి రచయితలు దొరికి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

తిమొతీ డాల్టన్ చేసినవి రెండే. 1987లో ద లివింగ్ డేలైట్స్, 1989లో లైసెన్స్ టు కిల్. బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ నవలలు శ్రద్ధగా చదివి, అందులోని అలసిన, పని మీద విరక్తి ఉన్న మనిషిని తెరమీదికి తెచ్చాడు. మొదటి సినిమాలో ఒక స్నైపర్‌ని కాల్చమని పంపితే, అవతల ఉన్నది తుపాకీ పట్టుకోవడం రాని అమ్మాయని గమనించి, ఆమెని కాల్చకుండా తుపాకీని కాలుస్తాడు. ఆదేశం పాటించలేదని పైవాళ్లకి చెబుతానని తోటి ఉద్యోగి అంటే, ఉద్యోగం తీసేస్తే థాంక్స్ చెప్తానంటాడు. మూర్ సరదాకి అలవాటుపడిన జనానికి ఇది ఎక్కలేదు. అమెరికాలో లైసెన్స్ టు కిల్ సరిగా ఆడలేదు, తర్వాత కోర్టు గొడవలతో ఆరేళ్లు సిరీస్ ఆగిపోయింది. క్రెయిగ్‌ని మెచ్చుకునేవాళ్లు డాల్టన్‌ని తప్పకుండా చూడాలి. క్రెయిగ్ నడిచిన దారి 17 ఏళ్ల ముందే డాల్టన్ వేసి వెళ్లాడు.

ఇక క్రెయిగ్. 2005 అక్టోబర్లో అతని పేరు ప్రకటించినప్పుడు జనం మండిపడ్డారు. జుట్టు బంగారు రంగు, ఎత్తు చాలదు, మొహం మొరటు, సినిమా చూడకండి అని ఇంటర్నెట్‌లో ఉద్యమమే నడిపారు. ఏడాది తర్వాత క్యాసినో రాయల్ వచ్చింది, మొదటి పది నిమిషాల్లో ఆ నోళ్లు మూతపడ్డాయి. నిర్మాణంలో ఉన్న భవనం మీద ఛేజ్ సీన్ అందరికీ గుర్తే. పారిపోయేవాడు గోడ పైన సన్నటి సందులోంచి పిట్టలా దూరి అవతలికి దూకుతాడు. వెనకాలే వస్తున్న బాండ్‌కి అంత నేర్పు లేదు. అతను గోడని నేరుగా గుద్దుకుని, పగలగొట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయి బయటికొస్తాడు. ఒక్క డైలాగ్ లేకుండా ఈ బాండ్ ఎలాంటివాడో చెప్పేశారు. నైపుణ్యం ఇంకా రాలేదు, ఆగడం మాత్రం తెలియదు.

అయితే నన్ను కట్టిపడేసింది ఛేజ్ కాదు, మెట్ల మీద ఫైట్ తర్వాత వచ్చే బాత్రూమ్ సీను. ఇద్దరిని చంపి గదిలోకొస్తాడు. చొక్కా నిండా రక్తం. గ్లాసులో విస్కీ పోసుకుని ఒక్క గుక్కలో తాగుతాడు, అద్దంలో తనని తను చూసుకుంటాడు. భయపడ్డాడా, అసహ్యించుకుంటున్నాడా తేలదు. చొక్కా మార్చుకుని పేకాట బల్ల దగ్గరికి తిరిగెళ్తే, చొక్కా మార్చావేం, మా ఆట చెమటలు పట్టించలేదు కదా అని విలన్ గుచ్చుతాడు. బాండ్ చెక్కుచెదరని మొహంతో జవాబిస్తాడు. ఆ మొహం వెనక అద్దంలోని మొహం మనకి తెలుసు. అదే రాత్రి గదికొచ్చేసరికి హీరోయిన్ వెస్పర్ బట్టలతోనే షవర్ కింద కూర్చుని వణుకుతూ ఉంటుంది. చేతికి రక్తం వదలడం లేదంటుంది. బాండ్ పెద్దగా ఏమీ చెప్పడు. తనూ బట్టలతోనే పక్కన కూర్చుని, చలిగా ఉందంటే చెయ్యి చాచి వేడి నీళ్లు పెంచుతాడు. అప్పటికి నలభై నాలుగేళ్లుగా మనుషుల్ని చంపుతున్న బాండ్ పాత్రకి, చంపడం వల్ల మనిషికి ఏమవుతుందో ఇంత దగ్గరగా చూపించిన సీన్ నాకు ఇంకొకటి గుర్తురాదు.

ఇది బెస్ట్ సినిమా. నా కొలత ప్రకారం చూడాల్సింది క్వాంటమ్ ఆఫ్ సోలేస్. 2008లో వచ్చింది, రచయితల సమ్మె సమయంలో స్క్రిప్టు సగంలో ఉండగానే తీశారు. 106 నిమిషాలు, అన్ని బాండ్ సినిమాల్లోకీ చిన్నది. ఎడిటింగ్ ఎంత వేగమంటే, మొదటి కార్ ఛేజ్‌లో ఏ కారు ఎవరిదో తేల్చుకునేలోపు అయిపోతుంది. రిలీజైనప్పుడు చూసి నేను చిరాకుపడ్డాను. కొన్నేళ్ల తర్వాత ఒక రాత్రి క్యాసినో రాయల్ అయిపోగానే లేవకుండా ఇది పెట్టాను, అప్పుడు అర్థమైంది. ఇది వేరే సినిమా కాదు, ముందుదానికి మూడో అంకం. స్నేహితుడు తన చేతుల్లో ప్రాణం వదిలితే, కాసేపు పట్టుకుని కూర్చుని, తర్వాత ఆ శవాన్ని చెత్తడబ్బాలో పడేసి జేబులో డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. దుఃఖం లోపల గడ్డకట్టిన మనిషి చేసే పని అది. కథ చెదిరిపోయినా క్రెయిగ్ చెదరలేదు. అందుకే ఈ సినిమాని విడిగా చూస్తే 5 మార్కులు, క్యాసినో రాయల్ వెంటనే చూస్తే 7.

స్కైఫాల్ గురించి కొత్తగా చెప్పేదేముంది. 2012లో వచ్చి, బాండ్ సినిమాల్లో వంద కోట్ల డాలర్లు దాటిన మొదటిదైంది. శామ్ మెండెస్ డైరెక్షన్, రాజర్ డీకిన్స్ కెమెరా, షాంఘై అద్దాల భవనంలో నీలం వెలుతురులో నీడలుగా కనిపించే ఇద్దరి ఫైట్. ఇక్కడ క్రెయిగ్ బాండ్ షూటింగ్ పరీక్షలో తప్పుతాడు, చెయ్యి వణుకుతుంది. పాసయ్యావని అతని పై అధికారి ఎమ్ (జూడీ డెంచ్) అబద్ధం చెప్పి పనికి పంపుతుంది. జూడీ డెంచ్, క్రెయిగ్‌ల మధ్య ఉన్నది తల్లీకొడుకుల బంధం లాంటిదే, ఇద్దరూ ఒక్కసారీ ఆ మాట అనరు.

కానీ క్రెయిగ్ మొత్తం ప్రయాణంలో పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. 2008లో బాండ్ ఇంకా పని నేర్చుకుంటున్న కుర్రాడు. 2012లో కాలం చెల్లిన ముసలివాడు. మధ్యలో ఏమైంది? మంచి ఫామ్‌లో ఉన్న బాండ్, మామూలు మిషన్ మీద వెళ్లి గెలిచొచ్చే బాండ్ మనకి కనబడనే లేదు. కానరీకి గోల్డ్‌ఫింగర్ ఉంది, మూర్‌కి ద స్పై హూ లవ్డ్ మీ ఉంది, బ్రాస్నన్‌కి గోల్డెన్‌ఐ ఉంది. క్రెయిగ్‌కి అలాంటి సినిమా లేదు. ఐదు సినిమాల్లోనూ సొంత గాయమే కథ. 15 ఏళ్లలో ఐదే చేయడం వల్ల వచ్చిన నష్టం ఇది. ఒక్క సినిమా అదనంగా, 2010లో తీసి ఉంటే ఈ లోటు తీరేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

స్పెక్టర్‌లో మొదలు అద్భుతం. మెక్సికో నగరంలో మృతుల దినం ఊరేగింపు, పుర్రె మాస్కు పెట్టుకున్న బాండ్ వెనకాలే కెమెరా కట్ లేనట్టు నడిచి, హోటల్లోకి వెళ్లి, మేడెక్కి, పైకప్పు మీదికి చేరుతుంది. ఆ తర్వాత కథ జారిపోతుంది. విలన్‌కీ బాండ్‌కీ చిన్ననాటి బంధం అంటగట్టారు. ముందు మూడు సినిమాల్లో జరిగినవన్నీ ఇతని పనేనని చెప్పించారు. దానివల్ల ఈ సినిమాకి బలం రాలేదు సరికదా, స్కైఫాల్ విలన్ సిల్వా బలం కూడా తగ్గింది. తలలోకి డ్రిల్ దించినా బాండ్‌కి ఏమీ కాకపోవడం, గోడలు పగలగొట్టుకుని నొప్పులు పడ్డ బాండ్‌ని నమ్మినవాళ్లకి మింగుడుపడదు. క్రెయిగ్‌లో అలసట కనిపించేది ఈ ఒక్క సినిమాలోనే. షూటింగ్‌లో మోకాలికి దెబ్బ తగిలింది, సినిమా అయ్యాక వెంటనే ఇంకోటి చేసే ఉద్దేశం లేదని గట్టిగానే చెప్పాడు. అయినా కానరీ డైమండ్స్ ఆర్ ఫరెవర్‌లో ఉన్నంత దూరంగా లేడు. అదే తేడా.

నో టైమ్ టు డై 163 నిమిషాలు, సిరీస్‌లో అన్నిటికన్నా పొడుగు. కరోనా వల్ల ఏడాదిన్నర వాయిదాపడి 2021లో వచ్చింది. విలన్ బలహీనం, రెండో సగం సాగుతుంది. వీటిని క్షమించేలా చేసేది మొదట్లో ఇటలీలోని మటేరా ఊళ్లో జరిగే సీను. బాండ్, అతని ప్రియురాలు మడలేన్ ఉన్న కారుని నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టి కాలుస్తుంటారు. బుల్లెట్ తగిలిన చోటల్లా అద్దం పగులుతోంది. మడలేన్ ఏదో ఒకటి చెయ్యమని అరుస్తోంది. బాండ్ కదలడు. తనని మోసం చేసిందనుకుంటున్న మనిషి పక్కన, చచ్చినా పర్వాలేదన్నట్టు స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. ఎంతసేపు? సీట్లో మనకి ఊపిరాడనంతసేపు. తర్వాత ఒక నిట్టూర్పు, కారు గిర్రున తిరుగుతుంది. క్యాసినో రాయల్‌లో నమ్మి దెబ్బతిన్న కుర్రాడు ఇంకా ఆ కారులో ఉన్నాడని ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. ముగింపు గురించి ఇక్కడ చెప్పను. మిగతా ఐదుగురి బాండ్ కథలకీ లేనిది క్రెయిగ్ బాండ్‌కి ఉంది, అదేంటో మీరే చూడండి.

నా తీర్పు ఇదీ. ఒక్కో సినిమాగా లెక్కేస్తే కానరీ మొదటి నాలుగూ ముందుంటాయి. మొదటి నుంచి చివరిదాకా ఒక నటుడి ప్రయాణంగా చూస్తే క్రెయిగ్‌దే పైచేయి, ఎందుకంటే చెడ్డ సినిమాల్లో కూడా పాత్రని వదల్లేదు. నిలకడలో రెండో స్థానం మూర్‌కి ఇస్తాను, చాలామంది ఒప్పుకోకపోవచ్చు.

మీరేం చూడాలన్నది మీ దగ్గరున్న టైమ్‌ని బట్టి, మీకు కావాల్సినదాన్ని బట్టి ఉంటుంది. రెండే సినిమాలకి టైమ్ ఉంటే క్యాసినో రాయల్, స్కైఫాల్. క్రెయిగ్‌వి ఐదూ చూడాలంటే దాదాపు 12 గంటలు పడుతుంది, రిలీజైన వరసలోనే చూడాలి, మొదటి రెండిటినీ ఒకే రోజు చూడాలి. ఇతని సినిమాలు మధ్యలో ఎక్కడో మొదలుపెడితే సగం అర్థం కాదు. కథల మధ్య లింకులు గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేకపోతే క్రెయిగ్ మీకు సరిపడడు, గోల్డెన్‌ఐ చూడండి. క్యాసినో రాయల్ తీసిన మార్టిన్ క్యాంప్‌బెల్‌దే ఆ సినిమా కూడా, ఎక్కడ మొదలైందో అక్కడే పూర్తవుతుంది. రోజంతా పనిచేసి అలసిపోయి, టెన్షన్ లేకుండా నవ్వుకుంటూ చూడాలనుకుంటే ద స్పై హూ లవ్డ్ మీ. మంచు కొండ అంచు నుంచి స్కీల మీద లోయలోకి దూకేసి, కాసేపు నిశ్శబ్దం తర్వాత పారాషూట్ విచ్చుకునే ఆ స్టంట్ నిజంగా మనిషి చేసింది, రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్‌మ్యాన్.

పిల్లలతో కలిసి చూసేవాళ్లు క్యాసినో రాయల్‌కీ లైసెన్స్ టు కిల్‌కీ దూరంగా ఉండాలి. మొదటిదానిలో కుర్చీ చిత్రహింస సీను పెద్దవాళ్లకే కష్టం. కానరీ సినిమాల గురించి కూడా ఒక మాట ముందే తెలిసి ఉండటం మంచిది. వాటిలో ఆడవాళ్లతో బాండ్ నడిచే తీరు ఇవాళ చూస్తే కడుపులో దేవుతుంది, ముఖ్యంగా గోల్డ్‌ఫింగర్‌లో గడ్డివాము సీను. వద్దంటున్న మనిషిని బలవంతం చేయడాన్ని అక్కడ సరసంగా చూపించారు. ఆ కాలం అంతే అని సర్దుకుపోలేను. 1995లో జూడీ డెంచ్ ఎమ్‌గా వచ్చిన మొదటి సినిమాలోనే బాండ్‌ని ఆడవాళ్లని చులకన చేసే డైనోసార్ అని మొహం మీద అంటుంది. సిరీస్ తన తప్పు తనే ఒప్పుకోవడం అక్కడ మొదలైంది.

జార్జ్ లాజెన్‌బీ పేరు ఇంతదాకా ఎత్తలేదు, అది కావాలనే. అతను చేసింది ఒక్కటే, 1969లో ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్. అంతకుముందు నటనానుభవం లేని ఆస్ట్రేలియన్ మోడల్. ఒక్క సినిమాతో ప్రయాణాన్ని కొలవలేం కాబట్టి పోలికలోకి తేలేదు. కానీ క్రెయిగ్‌వి నాలుగు చూసి నో టైమ్ టు డై పెట్టబోయేముందు ఒక రాత్రి ఈ సినిమాకి ఇవ్వండి. అందులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట ఒకటుంది, చివర్లో బాండ్ ఆ పాటలోని మాటే అంటాడు. 52 ఏళ్ల తర్వాత మటేరా కొండదారిలో కారు నడుపుతూ క్రెయిగ్ బాండ్ అదే మాట మడలేన్‌తో అంటాడు, వెనక అదే బాణీ వినబడుతుంది. లాజెన్‌బీ సినిమా చూడనివాళ్లకి అది ప్రేమగా అన్న మాట. చూసినవాళ్లకి అక్కడే గుండె జారిపోతుంది.